కంచె మీది ఎర్రపువ్వు పేరేంటి? పువ్వుతో పాటు ఆకు, కాడ, కణుపు కూడా చూపించండి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలుస్తుంది. మీది గిద్దలూరు దగ్గర పల్లె. వినాయక చవితికి పత్రి కోయడానికి వెళ్లినప్పుడు పొలం కంచె మీద పాకిన ఒక తీగకు ఎరుపూ పసుపూ కలిసిన పూలు కనిపించాయి. మీ ఐదేళ్ల పాప రెండు కోసుకొచ్చింది. ఒక యాప్ ఫ్లేమ్ లిల్లీ అంది, ఇంకొకటి టైగర్ లిల్లీ అంది. మీ అత్తగారు "అది నాభి, ముట్టుకోకండి" అన్నారు. పక్కింటాయనేమో దాని దుంప నూరి పట్టు వేస్తే మోకాళ్ల నొప్పులు పోతాయన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక మీకు టెన్షన్. దాంతో పాటు ఒక చిన్న నీలం పువ్వు ఫోటో పెట్టి, ఇది పత్రిలో వాడే విష్ణుక్రాంతేనా అని కూడా అడిగారు.

అమ్మా, మీ అత్తగారి మాటే నిజం. అది అడవినాభి. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. పొత్తిదుంప అనీ, అగ్నిశిఖ అనీ కూడా అంటారు. వేరు నుంచి పువ్వు దాకా మొక్కంతా విషమే. దుంపలోను, గింజల్లోను ఆ విషం మరీ ఎక్కువ. నోట్లో పెట్టుకోవడం గానీ, ఇంట్లో నూరి మందుగా వాడడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. పాప పూలు పట్టుకుని ఆడుకున్నంత మాత్రాన కంగారు పడకండి, సబ్బుతో చేతులు కడిగించండి చాలు. నమిలిందేమో, మింగిందేమో అన్న అనుమానం ఏ కాస్త ఉన్నా మాత్రం ఇది చదవడం ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానో కూడా రాస్తాను. రేపు ఇంకో మొక్క కనిపించినప్పుడు మీకే పనికొస్తుంది.

మీరు పంపిన మూడు ఫోటోల్లో రెండింటిలో పువ్వు తప్ప ఇంకేం లేదు. మూడోదాంట్లో పువ్వు వెనకాల రెండు ఆకులు మసగ్గా పడ్డాయి. నాకు నమ్మకం కలిగించింది ఆ మసక ఆకులే. ఫోటో పెద్దది చేసి చూడండి. ఆకు కొన సన్నగా సాగి, స్ప్రింగులా మెలిదిరిగి, కంచె తీగను చుట్టుకుని ఉంది. బీర, కాకర తీగల్లో నులితీగ కణుపు దగ్గర విడిగా పుడుతుంది. అడవినాభిలో ఆకు కొనే నులితీగ. మన పొలాల చుట్టూ కనిపించే తీగల్లో ఇలా ఆకు కొనతో పట్టుకుని పాకేది దాదాపు ఇదొక్కటే. టైగర్ లిల్లీ అయితే తీగ కాదు, నిటారుగా నిలబడే మొక్క, రేకుల మీద నల్లటి చుక్కలుంటాయి. అది చల్లటి ప్రాంతాల తోటల్లో పెంచే మొక్క. గిద్దలూరు ఎండలో, కంచె మీద దానంతటది పుట్టదు. ఆ యాప్‌కి మీరిచ్చింది వెనక్కి మడిచిన నారింజ రేకులు మాత్రమే, దాంతో అది అలాంటి రేకులున్న ఇంకో పువ్వు పేరు చెప్పింది.

ఇక పువ్వు. దాన్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి చూడండి. మొగ్గ పచ్చగా, తల దించుకుని ఉంటుంది. విచ్చుకునేటప్పుడు ఆరు రేకులూ వెనక్కి తిరిగి పైకి లేస్తాయి, అంచులు అలలు అలలుగా ఉంటాయి. మొదట రేకు అడుగున పసుపు, పైన ఎరుపు. రోజులు గడిచేకొద్దీ పసుపు తగ్గి రేకంతా ఎర్రబడుతుంది. అందుకే ఒకే తీగ మీద పసుపు పువ్వు, రెండు రంగుల పువ్వు, ముదురెరుపు పువ్వు పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తవాళ్లు రెండు మూడు రకాల తీగలు కలిసి పాకాయనుకుంటారు. రేకుల కింద ఆరు కేసరాలు గొడుగు చువ్వల్లా చుట్టూ చాచుకుని ఉంటాయి. మధ్యలో అండాశయం కింద నుంచి బయలుదేరే కీలం అనే సన్నటి కాడ మొదట్లోనే మూలమట్టం పెట్టి వంచినట్టు పక్కకు తిరుగుతుంది. ఆ ఒంపు ఒకసారి కంట్లో పడిందంటే అడవినాభిని జీవితంలో మర్చిపోరు. మీ మూడో ఫోటోలో అదీ కొద్దిగా కనిపిస్తోంది.

దుంప కూడా గుర్తే, కానీ చూడడానికని తవ్వకండి. దున్నుతున్నప్పుడు బయటపడితే ఇంగ్లీషు వి అక్షరంలా, నాగలిలా వంగి ఉంటుంది. సంస్కృతంలో దీన్ని లాంగలి అన్నది అందుకే, లాంగలం అంటే నాగలి. తమిళంలో కలప్పైక్కిళంగు అంటారు, కలప్పై అన్నా నాగలే. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే, జింబాబ్వే జాతీయ పుష్పం కూడా ఇదే.

పక్కింటాయన మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఆయన కావాలని అబద్ధం చెప్పి ఉండడు. ఈ మొక్కలో కాల్చిసిన్ అనే పదార్థం ఉంది. గౌట్ అనే కీళ్లవాపు జబ్బుకి డాక్టర్లు దాన్ని మాత్రగా ఇస్తారు. మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము మందు, అంతే. తమిళనాడులో కొన్ని జిల్లాల రైతులు ఈ మందు తీయడానికే గింజల కోసం ఈ తీగను పందిరి వేసి సాగు చేస్తారు. ఆయుర్వేదంలో దీన్ని ఉపవిషాల్లో చేర్చి, శుద్ధి చేశాకే వాడాలన్నారు. అంటే మోకాళ్ల నొప్పుల మాట వెనక కొంత ఆధారం ఉంది. కానీ మీ కంచె కింద దుంపలో ఆ పదార్థం ఎంత ఉందో రోట్లో వేసి నూరేవాళ్లకు తెలిసే దారి లేదు. పాత పుస్తకాల్లో దీనికి గర్భపాతిని అనే పేరు కూడా ఉంది. ఇంట్లో గర్భిణులుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తింటే ఏమవుతుందో కూడా తెలిసుండాలి. కొన్ని గంటలకు నోరు, గొంతు మండుతాయి, తర్వాత కడుపు నొప్పి, వాంతులు, విరేచనాలు. చూసేవాళ్లకు కలుషితాహారం తిన్నట్టే అనిపిస్తుంది. ఒక్కోసారి కాస్త తెరిపి ఇచ్చినట్టు కూడా ఉంటుంది, ఆ తెరిపిని నమ్మి ఇంట్లో ఉండిపోతారు. రెండు మూడు రోజుల్లో రక్తకణాలు పడిపోవడం, కిడ్నీలు, గుండె దెబ్బతినడం మొదలవుతుంది. బతికినవాళ్లకు వారం, రెండు వారాలకు జుట్టు రాలిపోతుంది. దీనికి నేరుగా పనిచేసే విరుగుడు మన ఆసుపత్రుల్లో దొరికేది కాదు, కాబట్టి తొందరగా వెళ్లడమే ప్రాణం నిలబెడుతుంది. 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నాలు చేయకండి. మొక్క ముక్క ఒకటి, వీలైతే ఆకు, పువ్వు రెండూ ఉన్నది, కవర్లో వేసుకెళ్లి డాక్టరు చేతికివ్వండి.

ఆ ముక్క ఎందుకంటే, అక్కడ "నాభి తిన్నారు" అని మాత్రం చెబితే డాక్టరు వేరేది అనుకోవచ్చు. నాభి అన్న మాటకు పాత అర్థం వత్సనాభి. అది హిమాలయాల్లో పెరిగే ఇంకో మొక్క, ఇంకో విషం. అది ప్రధానంగా గుండె లయను దెబ్బతీస్తుంది. మన దగ్గర పెరిగేదాన్ని దానితో పోల్చి అడవినాభి అన్నారు, వాడుకలో 'అడవి' రాలిపోయి నాభి మిగిలింది. తెలుగు పేరు పక్కన శాస్త్రీయ నామం కూడా రాసుకోండని మా విద్యార్థులతో ఎప్పుడూ అంటూ వచ్చింది ఇలాంటివి చూసే. మన పేర్లు ఊరికొకటి మారతాయి, ఒక్కోసారి ఒకే పేరు రెండు మొక్కలకు ఉంటుంది. గుళ్లలో శివలింగం మీద పడగ పట్టినట్టుండే పువ్వు పూసే పెద్ద చెట్టును నాగమల్లి అంటాం. తామరకు ఆకు నూరి రాసే, తెల్ల కొంగలాంటి చిన్న పూలు పూసే పొదనూ నాగమల్లే అంటాం. రెండింటికీ ఏ బంధుత్వమూ లేదు. బ్రహ్మదండి కూడా అంతే. కొన్ని ఊళ్లలో పసుపు పూల బలురక్కసిని అలా పిలుస్తారు, కొన్ని ఊళ్లలో ముళ్లబంతిలాంటి పూల ఇంకో మొక్కను పిలుస్తారు. బలురక్కసి గింజలు ఆవాల్లో కలిస్తే ఆ నూనె విషమవుతుంది. 1998లో ఢిల్లీలో అలాంటి ఆవనూనె తిని ఎంతోమంది ఒళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. తీగను పీకేయాలా అని మీరు అడగలేదు గానీ, పాప ఉంది కాబట్టి చెబుతున్నాను. నన్ను కలవరపెట్టేది పువ్వు కన్నా కాయ. పూలు అయిపోయాక పచ్చటి పొడుగు కాయలు వస్తాయి. ముదిరి మూడు పలకలుగా విచ్చుకుంటే లోపల ఎర్రటి గుండ్రటి గింజలు వరసగా కనిపిస్తాయి. పిల్లలకు అవి పూసల్లా, పళ్లలా కనిపిస్తాయి. కాబట్టి ఆ కాయలు పచ్చిగా ఉండగానే చేతికి తొడుగు వేసుకుని కోసేసి పూడ్చిపెట్టండి. కంచె ఇంటికి దూరంగా ఉంటే తీగను ఉండనివ్వండి. మందుల కోసం దుంపలు తవ్వి తవ్వి అడవుల్లో ఇది చాలా చోట్ల పలచబడిపోయింది. ఇంటి ముంగిట్లో అయితే తీసేయడమే మేలు. దుంప ముక్క మిగిలినా మళ్లీ వానాకాలానికి మొలుస్తుంది, కాబట్టి పూర్తిగా తీయించండి. పాపకు మాత్రం "దగ్గరికి పోకు" అని కొట్టినట్టు చెప్పకుండా, ఆకు కొన ఎలా చుట్టుకుందో చూపించి, "ఇది చూసే పువ్వు, కోసే పువ్వు కాదు" అని చెప్పండి. పిల్లలకు మొక్కను గుర్తుపట్టడం నేర్పితే వాళ్లే మిగతా పిల్లలను ఆపుతారు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇక్కడి నుంచి తెలియని మొక్క పేరు ఎలా అడగాలో రాస్తాను. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పాను, ఇప్పటికీ వారానికి పది పదిహేను ఫోటోలు వస్తాయి. అందులో సగం చక్కటి పువ్వు బొమ్మలే. చూడ్డానికి బాగుంటాయి, పేరు చెప్పడానికి చాలవు. మనిషిని చెవి ఫోటో చూసి గుర్తుపట్టమన్నట్టు ఉంటుంది.

ముందు దూరంగా నిలబడి మొత్తం మొక్కను, అది నిలబడ్డ చోటుతో సహా తీయండి. చెరువు గట్టా, రాతి సందా, చేను మధ్యా అన్నది దాంతోనే తెలిసిపోతుంది. తర్వాత ఆకు కాడకు అతికే చోటు. ఆకులు ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, ఆకు మొదట్లో చిన్న పొలుసులో ముళ్లో ఉన్నాయా చూడండి. ఎక్కువమంది వదిలేసేది ఈ ఫోటోనే, నాకు ఎక్కువ కావాల్సింది కూడా ఇదే. ఆకును తిప్పి అడుగు భాగం కూడా తీయండి, నూగు ఉందా, ఈనెలు ఎలా పోతున్నాయో అక్కడే స్పష్టం. పువ్వును ఎదురు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. కాయ ఉంటే అది పువ్వు కన్నా విలువైన సాక్ష్యం. నీలం, ఊదా రంగుల్ని ఫోన్లు తరచుగా మార్చేస్తాయి, కాబట్టి కంటికి కనిపించిన రంగు మాటల్లో రాయండి.

ఫోటోలో పడనివి ఇంకా కొన్ని ఉంటాయి. ఆకు తుంచితే పాలు వచ్చాయా, నీళ్లలాంటి రసం వచ్చిందా? నలిపితే వాసన ఉందా? ఏ నెల, ఏ వేళ? జిల్లేడు, ఉమ్మెత్త లాంటివి తాకిన చేతిని కంట్లో పెట్టుకోవద్దు. రుచి చూసి చెప్పడం మాత్రం ఎవరూ చేయకండి, ఎంత అనుభవం ఉన్నా సరే.

ఒక్క గుర్తు మీద ఆధారపడితే ఎలా తప్పుతామో రెండు ఉదాహరణలు చెబుతాను. తులసి కుటుంబపు మొక్కల కాడ నాలుగు పలకలుగా ఉంటుందని పాఠ్యపుస్తకంలో ఉంటుంది. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లిస్తే అంచులు తెలుస్తాయి. ఒక ఏడాది మా విద్యార్థి ఒకడు పొలం గట్టున దొరికిన మొక్క కాడను అలా దొర్లించి చూసి, "సార్, తులసి జాతే" అని ఉత్సాహంగా తెచ్చాడు. అది నేలవేము. నేలవేము కాడ కూడా నాలుగు పలకలే, ఆకులు కూడా ఎదురెదురుగానే ఉంటాయి. కానీ నలిపితే తులసి వాసన లేదు. కాయ చూస్తే సన్నగా, పొడుగ్గా, ముదిరాక రెండుగా పగిలేది. తులసి కుటుంబంలో పువ్వు గిన్నె అడుగున నాలుగు చిన్న గింజలుంటాయి. కాడ, ఆకు, వాసన, కాయ, నాలుగూ కలిసినప్పుడే పేరు నిలబడుతుంది.

రెండోది అందరికీ పనికొచ్చేది. తలనూనె కాచుకోవడానికి ఒకాయన సంచీడు గుంటగలగర తెచ్చుకుని, ఎందుకైనా మంచిదని నాకు చూపించాడు. సంచీ నిండా ఉన్నది గడ్డిచేమంతి. రెండూ గట్ల మీదే పెరుగుతాయి, రెండింటికీ చిన్న పూలే. పక్కపక్కన పెట్టి చూపించాను. గడ్డిచేమంతికి జానెడు పొడుగు కాడ చివర ఒక్కటే పువ్వు. మధ్యన పసుపు, చుట్టూ ఐదారు తెల్లటి రేకులు, ఒక్కో రేకు కొన పళ్లు పళ్లుగా చీలి ఉంటుంది. ఎండితే ఊదగానే దూది తంతువులతో గింజలు ఎగిరిపోతాయి. గుంటగలగరకు ఆకు పంగలో పొట్టి కాడ మీద పువ్వు, సన్నటి తెల్లటి రేకులు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. గింజలకు దూది ఉండదు, రేకులు రాలాక చిన్న పచ్చ బొత్తంలా మిగులుతుంది. ఇక దాని ఆకు నలిపి అరచేతిలో రాస్తే కాసేపటికి నల్లటి మరక పడుతుంది. ఆయన రెండు ఆకులూ రెండు అరచేతుల్లో రాసుకుని ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు. ఒక చెయ్యి నల్లబడింది, ఒకటి పచ్చగానే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయనకు ఇంకెవరి సాయమూ అవసరం రాలేదు.

యాప్‌ల గురించి. వాడండి, నేనూ వాడతాను. అది ఇచ్చే పేరును "ఇది కావచ్చు" అన్న సూచనగా మాత్రమే తీసుకుని, ఆ పేరుతో వెతికి మీ మొక్కను అంగం అంగం పోల్చుకోండి. ఐనేచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వెబ్‌సైట్లలో ఫోటో పెడితే తెలిసిన మనుషులు కూడా చూసి సరిదిద్దుతారు, అది ఇంకా మంచిది. ఏదైనా తినడానికో మందుకో వాడాలనుకుంటే మాత్రం యాప్ మాట సాక్ష్యం కానే కాదు.

ఊళ్లో పెద్దవాళ్లు, గొర్రెల కాపరులు, అడవిని నమ్ముకుని బతికేవాళ్లు, వీళ్లను నేను నిపుణుల్లోనే లెక్కిస్తాను. ఒక ఏప్రిల్‌లో నల్లమలలో విద్యార్థులతో తిరుగుతున్నాం. ఆకు ఒక్కటి లేని రెండు చెట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. కింద రాలిన ఎండుటాకులు రెండు రకాలూ చేతివేళ్లలా చీలినవే. మాకు తోడొచ్చిన చెంచు పెద్దాయన ఒక చెట్టు దగ్గరికి వెళ్లి అరచేత్తో నిమిరాడు. కాగితం పొరలాంటి సన్నటి బెరడు ఆయన వేళ్లకు లేచి వచ్చింది, కింద నునుపుగా, పాలిపోయిన తెలుపు. "ఇది తపసి. దీని బంకే మేం తీసేది" అన్నాడు. రెండోదాని బెరడు గరుకుగా, పగుళ్లతో ఉంది. "అది కొండగోగు. పసుపుపచ్చటి పెద్ద పూలు పూస్తుంది, కాయలో దూది ఉంటుంది." పూలూ ఆకులూ లేకుండా నేను పుస్తకం తిరగేస్తూ నిలబడ్డ చోట ఆయన అరచేత్తో తేల్చేశాడు. ఆ రోజు నుంచి నా విద్యార్థులతో బెరడు తాకించకుండా చెట్టు పేరు రాయనివ్వలేదు.

ఈ రెండు జ్ఞానాలూ కలవడం మన దగ్గర కొత్తేమీ కాదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కల్ని వర్ణించినప్పుడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. తంబుగ చెట్టు శాస్త్రీయ నామంలో తంబుగ ఉంది, సోమిడ చెట్టు జాతి పేరే సోయ్‌మిడా. ఆ పేర్లు చెప్పిన మనుషులెవరో మనకు తెలియదు, కానీ వాళ్ల మాట మాత్రం ప్రపంచంలో ప్రతి వృక్షశాస్త్ర గ్రంథాలయంలో ఉంది. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గుండె నిండుతుంది.

పెద్దవాళ్లు "దీని పేరు తెలీదు, మా చిన్నప్పుడు లేదు" అంటే ఆ మాటను కూడా రాసుకోండి, అదే ఒక ఆధారం. ఈమధ్య తెలియని మొక్క అని నాకొచ్చేవాటిలో చాలా వరకు బయటి దేశాల నుంచి వచ్చి పాకినవే. వయ్యారిభామను మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర గమనించారు, ఇవాళ అది లేని రోడ్డు పక్క లేదు. సర్కారు తుమ్మ అన్న పేరులోనే అది మనది కాదన్న సంగతి ఉంది. పెద్దవాళ్ల జ్ఞాపకంలో లేని మొక్కకు పాత మందు పేరు తగిలించి వాడేవాళ్లున్నారు, ఇక్కడే ప్రమాదం. వయ్యారిభామ లేత మొక్కను ఏదో పత్రి ఆకు అనుకుని ఇంటికి తెచ్చి చేతులంతా దద్దుర్లు తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను.

ఫోటోతో తేలకపోతే నమూనా పంపాలి. పువ్వో కాయో ఉన్న కొమ్మను జానెడున్నర పొడుగు కోసి, వార్తాపత్రిక మడతలో పరిచి, ఒక ఆకును తిరగేసి పెట్టి, పైన బరువు పెట్టండి. కాగితం రోజూ మార్చాలి, వానాకాలంలో రోజుకు రెండుసార్లు, లేకపోతే బూజు పడుతుంది. ఎండితే రంగు పోతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పటి రంగు, వాసన, చోటు, తేదీ చీటీ మీద రాసి జత చేయండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో మొదలుపెట్టండి. అక్కడ తేలకపోతే ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్ర విభాగాలున్నాయి. 1890లో ఏర్పడిన భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. చేలో కలుపు మొక్క అయితే కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, వాళ్లు పేరుతో పాటు దాన్ని ఎలా అదుపు చేయాలో కూడా చెబుతారు.

నమూనా మీ పొలంలోంచి, అదీ నాలుగైదు మొక్కలుంటేనే ఒకటి కోయండి. మీకు దగ్గర్లోని నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం, అక్కడ ఆకు కూడా కోయకూడదు. అరుదైన మొక్కేమోనన్న అనుమానం ఉంటే సరిగ్గా ఎక్కడుందో అందరికీ చెప్పకండి. శేషాచలం కొండల్లో తప్ప దాదాపు ఇంకెక్కడా లేని పేరిత చెట్టును మందు కోసం ఎంతలా కోశారంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దానికి విడిగా రక్షణ కల్పించాల్సి వచ్చింది.

ఇక మీ నీలం పువ్వు. ఫోటోలో గడ్డి మధ్య ఒక నీలం చుక్క మాత్రమే ఉంది, దాన్ని విష్ణుక్రాంత అని నేను అనలేను. రెండు మూడు మొక్కలు కావడానికి వీలుంది. విష్ణుక్రాంత అయితే నేలను అంటుకుని పాకుతుంది, కాడకూ ఆకుకూ పట్టులాంటి నూగు ఉంటుంది, పువ్వు రేకులన్నీ కలిసిపోయి చిన్న గుండ్రటి పళ్లెంలా ఉంటుంది, శనగగింజకు కాస్త అటూ ఇటూ సైజు. అలా కాకుండా పైన రెండు నీలం రేకులు చెవుల్లా నిలబడి, పువ్వు కింద పడవలాంటి పచ్చటి మడత ఉండి, ఆకు మొదలు కాడను గొట్టంలా చుట్టుకుని ఉంటే అది వెన్నదేవికూర జాతి. మూడు రేకులూ సమానంగా ఉంటే దాని దాయాది ఇంకొకటి. శంఖుపువ్వునూ కొందరు విష్ణుక్రాంత అంటారు గానీ అది పెద్ద పువ్వు, తీగ, చిక్కుడు కాయలాంటి కాయ కాస్తుంది, మీ ఫోటోలోది అది కాదు.

ఈ చిన్న నీలం పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి, మీరు తీసింది సాయంత్రం అనుకుంటాను. రేపు ఉదయం తొమ్మిది లోపల వెళ్లి, మొక్క పక్కన రూపాయి బిళ్ల పెట్టి, పువ్వు ఎదురు నుంచి ఒకటి, ఆకు కాడకు అతికిన చోటు ఒకటి, ఆకు అడుగు భాగం ఒకటి తీసి పంపండి. మీ అత్తగారు దాన్ని ఏమని పిలుస్తారో కూడా రాయండి.